ఆముదం పట్టిన మర

"పైపు పానా పెట్టి ఒక్క తిప్పు తిప్పితే ఊడొచ్చేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకొదినా" అని మా మరిది కోటేష్ మళ్ళీ అందుకున్నాడు. భోజనాల దగ్గర మొదలైన గొడవ. కంచాలు కడిగేశాను, మిగిలిన పప్పు చిన్న గిన్నెలోకి మార్చాను, ఇంకా తెగలేదు. "బొట్టు పెట్టిన తుపాకీరా అది. పానాలూ సుత్తులూ పెడతానంటావేంది, నీ బోరు మోటారనుకున్నావా" అని మా అత్తగారు బసవమ్మగారు మంచం మీంచి. "బాదనమ్మా, తిప్పుతానంటున్నా." "నువ్వు తిప్పింది ఏదన్నా మళ్ళీ పనిచేసిందంట్రా? మొన్న ఆ కుళాయి తిప్పావు. ఇప్పటికీ కింద బకెట్ పెట్టుకుంటన్నాం." మా అమ్మాయి శ్రీరమ్య ఫోనులోంచి తలెత్తకుండానే నవ్వింది. "బాబాయ్, దీని మీద బోలెడు వీడియోలున్నాయి. పైపు పానా పెడితే మూత నలిగిపోద్దంట." "వీడియోలు తీసేవాళ్ళకి వేరే పనుండదమ్మా" అన్నాడు మా మరిది. మా ఆయన ఒక్కరే గొడవకి దూరంగా ఉన్నారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒళ్ళో తువ్వాలు, తువ్వాలు కింద కుడిచెయ్యి. "అక్కడ పెట్టెయ్యండి, చీకటి పడేలోపు నేనే చూసుకుంటా" అన్నారు చివరికి. పొద్దున కాఫీ అప్పుడూ ఆ మాటే, నిన్న బ్యాంకు డ్యూటీ నుంచి వచ్చాకా ఆ మాటే. "నీకు రాకనే కదన్నా" అని కోటేష్ అనబోతే ఆయన వాడి వైపు చూశారు. పటాలంలో చేసొచ్చిన మనిషి చూపు, వాడు అక్కడికి ఆగిపోయాడు. నేను కొంగుకి చేతులు తుడుచుకుని తుపాకీ తీసుకున్నాను. "నేను చూస్తా" అన్నాను. "నువ్వా" అన్నారు ఆయన. "దీపపు కుందె ఏటా విప్పి తోమట్లా? అదీ మరే, ఇదీ మరే." అత్తగారు నవ్వారు. "ఆ మాట నిజమే గానీ, కుందె పేలదు కదే" అన్నారు.

వెనక వసారాలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. చూడు, ఖాళీగా ఉందో లేదో ముందు చూడు, చూశాక మళ్ళీ చూడు. ఆ మాట ఆయనదే. ఈ తుపాకీ కొన్న ఏడు, పిల్లని అత్తగారితో గుడికి పంపి, పాత దుప్పటి పరిచి, దాని మీద దీన్ని ముక్కలు ముక్కలుగా పేర్చి నాకు చూపించారు. నాకెందుకండీ ఇవన్నీ అంటే, ఇంట్లో ఉండే వస్తువు ఇంట్లోవాళ్ళకి తెలియాలి, తెలియకపోతేనే ప్రమాదం అన్నారు. గొట్టం కింద ఉండే చెక్క పిడి వెనక్కి లాగాను. తూటా ఉండే గది ఖాళీ. చిటికెనవేలు పెట్టి చూశాను, ఖాళీ. కింద తూటాలెక్కించే సందులోకి బొటనవేలు పెట్టాను, అక్కడా ఏమీ లేదు. మళ్ళీ చూశాను. తూటాలు బీరువాలో, బీరువా తాళం నా మొలనే. అయినా గొట్టం మూతి గోడ వైపు తిప్పి, ముగ్గురు కూర్చునే పాత చెక్కబల్ల మీద, కింద గోనెపట్టా మడిచి పడుకోబెట్టాను. పసిపిల్లకి స్నానం చేయించేటప్పుడు కాళ్ళ మీద పడుకోబెట్టుకున్నట్టు. శ్రీరమ్యకి నేనే చేయించాను స్నానాలు, మా అమ్మ రాలేకపోయింది, ఆ నెల్లో ఆమెకి పత్తి తీతలు. మంత్రసాని వీరమ్మ నూనె ఎట్లా రాయాలో, పిల్ల తల ఎట్లా పట్టాలో చూపించిపోయింది. చేతులు ఒక్కసారి చూస్తే నేర్చుకుంటాయి, మనసే మళ్ళీ మళ్ళీ అడుగుతుంది.

పైన పొడుగు గొట్టం, కింద తూటాలు నిలవుండే పొట్టి గొట్టం. పైదానికో ఉంగరం, ఆ ఉంగరం కిందిదాని మీద కూర్చుంటుంది, అది ఊడిరాకుండా చివర మర మూత, పాత రూపాయి బిళ్ళంత, చుట్టూ చెయ్యి జారకుండా సన్న గీతలు. ఆ మూత విప్పితే పైగొట్టం సులువుగా చేతికొస్తుంది. విప్పకపోతే లోపల తుప్పుందో దుమ్ముందో ఎవరికీ తెలియదు. రేపు పొద్దున గుంటూరులో సెక్యూరిటీ ఏజెన్సీ ఆఫీసులో తనిఖీ. గార్డులంతా వరసగా నిలబడి, ఎవరి తుపాకీ వాళ్ళే విప్పి, గొట్టం వెలుతురుకి పట్టి చూపించి, మళ్ళీ బిగించి చూపించాలి. విప్పలేని వాళ్ళని బ్యాంకు మెట్లెక్కనివ్వరు. రిటైరైన కెప్టెన్ ఒకాయన కుర్చీ వేసుకుని కూర్చుంటాడట, ఏడాదికోసారి, నవ్వడట. మా ఆయనకి ఆ రోజంటే ఇష్టం. ముందు రోజు బట్టలు ఇస్త్రీ చేయించుకుని, బూట్లు తానే పాలిష్ చేసుకుని, అందరికన్నా ముందు నేనే విప్పేశా అని వచ్చి చెప్పేవారు. ఈసారి బూట్లు శ్రీరమ్య చేత చేయించారు. ఎందుకు నాన్నా అంటే, నేర్చుకోమ్మా, రేపు నీ బూట్లు నువ్వే చేసుకోవాలిగా అన్నారు. ఆ పిల్ల చెప్పులు తప్ప వేసుకోదు.

మూత పట్టుకుని ఎడమవైపు తిప్పాను. రాలేదు. కొంగు మడత పెట్టి తిప్పాను, రాలేదు. సరే, నిన్ను నేను తొందర పెట్టను. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి, పాత లుంగీ పీలిక అందులో ముంచి, పిండి, మూత చుట్టూ చుట్టాను. ఇత్తడి కుందెలు ఇలాగే వదుల్తాయి. కార్తీకమాసం అయ్యాక కుందె కాడ అడుగు పళ్ళేనికి అతుక్కుపోతే మా అమ్మ వేడిగుడ్డ చుట్టి, తలుపు చెక్క మీద మెల్లగా తట్టి, మాట్లాడుతూ తిప్పేది. రావే తల్లీ, రావే. మొండిది అంటే ఇంకా బిగుసుకుంటుందట. మొండితనం మనుషులకే అనుకునేదాన్ని. బయట గాలి మారింది, పక్కనే ఉన్న యలమందయ్యగారి కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నట్టున్నారు, ఘాటు గోడ దాటి వచ్చింది. కళ్ళు మండాయి. మిరపకాయల ఊళ్ళలో పుట్టినవాళ్ళం కళ్ళు చేత్తో తుడుచుకోం, భుజంతో తుడుచుకుంటాం. చిన్నప్పుడు తొడిమలు తీసే షెడ్లో మా అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న మొదటి పాఠం అది. రెండోది తొడిమని గోటితో కాదు, వేలి పక్కతో విరవాలి. గోటితో అయితే మధ్యాహ్నానికి వేళ్ళు పగిలిపోతాయి. నా బొటనవేలి పక్కన ఇప్పటికీ ఆ గట్టితోలు ఉంది. పెళ్ళిచూపుల్లో ఆయన నా చేతులు చూసి ఏమీ అనలేదు, తర్వాతెప్పుడో చెప్పారు, నీ చేతులు చూసి ఒప్పుకున్నా అని. పట్టుంటుంది అనుకున్నా, ఆయుధం పట్టేవాడికి తెలుస్తుంది పట్టంటే ఏంటో, అని. అప్పుడు నాకు కోపం వచ్చింది, మొహం చూసి కాదా అని.

గుడ్డ చల్లారింది. తీశాను. మూత అంచున, గొట్టం కలిసే చోట, పచ్చగా ఏదో ఊరింది. వేలితో రాసి వాసన చూశాను. ఆముదం. పాతబడిన ఆముదం, పసుపు, ఎర్రగా కుంకుమ చార కూడా. తుప్పు కాదు. తుప్పయితే ఎర్రమట్టిలా వస్తుంది, ఇది బంక. మా అత్తగారు. దసరాకి ఈ ఇంట్లో కత్తిపీట, కొడవళ్ళు, కోటేష్ పానాలు, ఈ తుపాకీ, అన్నీ ఒకే పీట మీద కూర్చుంటాయి. తుపాకీకి మాత్రం ఆమె ప్రత్యేకంగా ఆముదం రాస్తుంది, మామూలుగా కాదు, మూత సందులో దూది ముంచి పిండుతుంది. వద్దమ్మా, దీనికి వేరే నూనె ఉంది అని ఆయన అంటే, మీ నాయన బండి ఇరుసుకి నలభయ్యేళ్ళు ఆముదమే పోశాడు, ఒక్కనాడు కిర్రుమనలా, ఇరుసుకి పనికొచ్చింది దీనికి పనికిరాదంట్రా అంటుంది. పైన పసుపు, ఆ పైన కుంకుమ. ఆయన తల్లి మాట కాదనరు. ఊరుకునేవారు, మర్నాడు పొద్దున్నే డాబా మీదికి తీసుకెళ్ళి మొత్తం విప్పి, ఆ ఆముదం అంతా తుడిచి, తన నూనె రాసి, మళ్ళీ బిగించి కిందకి తెచ్చేవారు. తల్లి మనసూ దక్కేది, తుపాకీ దక్కేది. ఏటా ఇంతే.

ఏటా ఇంతే. వేడిగుడ్డ మళ్ళీ ముంచాను, పిండాను, చుట్టాను. మరి ఈ పసుపు ఇంకా లోపల ఎందుకుంది. పోయిన దసరాకి రాసింది ఇది. దసరా పోయి, పత్తి తీతలయిపోయి, మిరప కోతలు కూడా అయిపోవస్తున్నాయి. ఇన్నాళ్ళూ ప్రతి ఆదివారం ఆయన తుపాకీ పట్టుకుని డాబా మీదికి వెళ్ళారు. నేను చూశాను వెళ్ళడం. పాత బనియను ముక్క, నూనె సీసా పట్టుకుని వెళ్ళేవారు, గంట తర్వాత దిగేవారు, తుపాకీ పైకి నిగనిగలాడేది. నూనె సీసా చూసేదాన్నా? బీరువా పక్కన, ఎప్పుడూ ఉండే చోటే ఉంది సీసా, దసరాకి ముందు ఎంతవరకు ఉందో అంతవరకే ఉంది. చూశాను, కానీ చూడలేదు. చూశాక మళ్ళీ చూడు అన్నారు కదా, రెండోసారి చూడలేదు. డాబా మీద ఆ గంటసేపూ ఏం చేసేవారు. మూత పట్టుకుని కూర్చునేవారా. తిప్పి తిప్పి, రాక, పైపైన తుడుచుకుని, దిగొచ్చి, టీ పెట్టవే జ్యోతీ అనేవారా.

టీ. గ్లాసు ఎడమచేత్తో అందుకోవడం మొదలుపెట్టింది ఎప్పటినుంచి. చలికాలం. వేడిగా ఉంది అక్కడ పెట్టు అనేవారు, తర్వాత ఎడమచేత్తో తీసుకునేవారు. పెదకాకాని జాతర నాటికే బండి మానేశారు, పెట్రోలు దండగ, బస్సులో కాళ్ళు చాపుకుని పోవచ్చు అన్నారు, బస్సులో ఎవరు కాళ్ళు చాపుకుంటారు ఆ రద్దీలో. బండి యాక్సిలరేటరు కుడిచేతికే కదా. చొక్కా గుండీలు పెట్టమని నన్నడగడం మొదలుపెట్టారు, ఈ వయసులో ఈయనకి ముద్దొచ్చింది అనుకుని నేను లోపల్లోపల నవ్వుకుని పెట్టాను, ఒక్కోసారి ఆలస్యంగా కూడా పెట్టాను. ఉంగరం తీసేశారు, బిగుతయిందన్నారు, వేలేమో సన్నబడింది. అన్నం కలుపుకోవడం మానేసి పెరుగన్నం కలిపే పెట్టమన్నారు. ఇవన్నీ నేను విడివిడిగా దాచుకున్నాను. ఒకటి పిసినారితనం, ఒకటి ముద్దు, ఒకటి వయసు. పత్తిలో గింజలు ఏరినట్టు ఒక్కోటీ పక్కన పెట్టాను గానీ అన్నీ ఒకే కాయలోవి అనుకోలేదు. తుపాకీ తిప్పి వెనక చెక్క చూశాను. కొత్త గాటు, మూలన, లోతుగా. పోయిన నెల చూసి అడిగితే బస్సులో తగిలింది అన్నారు. బస్సులో తగిలితే గీత పడుతుంది. ఇది నేల మీద పడ్డ గాటు. రాతినేల. బ్యాంకు మెట్లు రాతివే.

ఆ బ్యాంకుకి ఒకసారి వెళ్ళాను, మా పొదుపు సంఘం పని మీద. మిరప యార్డు దగ్గరే. సీజన్లో రైతులు పొద్దున్నుంచే బారులు తీరి ఉంటారు, చొక్కాలకి ఎర్రదుమ్ము, లోపలంతా తుమ్ములు. ఈయన తలుపు పక్కన నిలబడి, తుపాకీ ఎదకి అడ్డంగా, ముసలాళ్ళకి ఏ కిటికీకి వెళ్ళాలో చెప్తూ. మిలట్రీ, నా పని చూసిపెట్టు అని ఒకాయన. ఈయన నవ్వారు గానీ చెయ్యి చెక్క పిడి మీంచి తియ్యలేదు. అప్పుడు నాకు గర్వంగా అనిపించింది, ఆ చెయ్యి చూసి. ఇప్పుడు అదే తలుపు దగ్గర, అంతమంది మధ్య, ఆ తుపాకీ చేతిలోంచి జారి రాతిమెట్టు మీద పడింది. తూటాలున్న తుపాకీ. ఎవరూ చూడలేదేమో. చూసినా నవ్వేశారేమో. వేడి గుడ్డ చేతిలో చల్లారిపోయింది, నేను గమనించలేదు.

మళ్ళీ వేడినీళ్ళు. ఈసారి కోటేష్ తుప్పు వదిలించే నూనె సీసా ఇచ్చి పోయాడు, అది కూడా సందులో చుక్క చుక్క వేశాను. సైకిలు ట్యూబు ముక్క వసారా దూలానికి వేలాడుతోంది, ఎప్పుడో గేటు కట్టడానికి పెట్టింది, దాన్ని మూత చుట్టూ రెండు మెలికలు వేసి బిగించి పట్టుకున్నాను. వెనక చెక్క మోకాళ్ళ మధ్య. ఎడమ అరచేత్తో గొట్టం. అప్పడాల కర్రతో మూత అంచు చుట్టూ మెత్తగా తట్టాను, గట్టిగా కాదు, నిద్రపోయే పిల్ల వీపు మీద తట్టినట్టు. రావే. తిప్పాను. రాలేదు. పర్లేదు. తొడిమలు తీసే రోజుల్లో సాయంత్రానికి రెండో బస్తా ముట్టుకోవాలంటే వేళ్ళు ఒప్పుకునేవి కాదు, అప్పుడు మా అమ్మ అనేది, వేలితో తియ్యకే, భుజంతో తియ్యి. భుజంతో తిప్పాను. లోపల ఏదో సన్నగా కిర్రుమంది.  ఆగాను. ఇంకో చుక్క. ఇంకోసారి. మూత ఒక వెంట్రుకవాసి కదిలింది, పచ్చటి బంక గీతలా బయటికొచ్చింది, ఆ తర్వాత ఏమీ లేనట్టు, ఎప్పుడూ మొండికెయ్యనిదానిలా, చేతిలోనే గిర్రున తిరిగింది. నవ్వొచ్చింది. లోపలి స్ప్రింగు ఎగిరిపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి మూత తీశాను. చెక్క పిడి సగం వెనక్కి లాగి పైగొట్టం ముందుకు లాగితే మెత్తగా వచ్చేసింది. వెలుతురుకి పట్టి లోపలికి చూశాను, అవతల గోడ మీద ఎండ గుండ్రంగా కనిపించింది, మధ్యలో అక్కడక్కడ దుమ్ము. బాగుచెయ్యలేనంత ఏమీ లేదు. బనియను ముక్కతో మరలన్నీ తుడిచాను, పాత పళ్ళబ్రష్షుతో తోమాను, పసుపు, కుంకుమ, ఆముదం, మా అత్తగారి భక్తి అంతా గుడ్డకి అంటుకుంది. ఆయన నూనె ఒక్క చుక్క రాశాను. మూత మళ్ళీ పెట్టి చూశాను, రెండు వేళ్ళతో తిరుగుతోంది, శ్రీరమ్య గాజుల పెట్టె మూతకన్నా సులువుగా.

తలుపు కిర్రుమంది. ఆయన. లోపల కోటేష్, అత్తగారు ఇంకా ఏదో వాదించుకుంటున్నారు, ఇప్పుడు కుళాయి గురించి. ఆయన బల్ల దగ్గరికి వచ్చి విడదీసి ఉన్న గొట్టం చూశారు. మొహంలో సంతోషం లేదు. భయం ఉంది, కొంచెం. "వచ్చిందా" అన్నారు. "వచ్చింది. తుప్పు కాదు, అత్తయ్య ఆముదం. దసరాది." అంతే అన్నాను. దసరాది అన్న మాట ఇద్దరి మధ్యా నిలబడిపోయింది. ఆయన కిందకి చూశారు. గొట్టం ఎక్కించి, మూత మాత్రం ఆయన ముందు పెట్టాను. "ఒక్కసారి బిగించండి."  ఆయన తువ్వాలు భుజానేసుకుని కుడిచెయ్యి ముందుకు పెట్టారు. బొటనవేలు, చూపుడువేలు మూతని పట్టుకున్నాయి, పట్టుకున్నట్టు కనిపించాయి, మర మీద పెట్టారు, అది పక్కకి ఒరిగింది, మళ్ళీ పెట్టారు, వేళ్ళు వణకలేదు, వణికితే నాకు అర్థమయ్యేదేమో, వేళ్ళు ఊరికే ఆగిపోయాయి, చెప్పిన మాట వినని పిల్లల్లా. మూత కింద పడి దొర్లుకుంటూ నీళ్ళతొట్టి దగ్గర ఆగింది. "నూనె ఎక్కువైంది" అన్నారు. తీసుకొచ్చి పొడిగుడ్డతో తుడిచి మళ్ళీ ఇచ్చాను. ఈసారి పట్టుకోనే లేదు. చెయ్యి బల్ల మీద పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నారు, ఎవరిదో చెయ్యి ఇక్కడ మర్చిపోయినట్టు.

"ఎప్పట్నుంచి" అన్నాను. "దసరాకి ముందు నుంచే. తగ్గుద్దిలే అనుకున్నా." "చెప్పచ్చుగా." "చెప్తే ఏమంటావ్? ఆస్పత్రికి పద అంటావ్. వాళ్ళు కాగితం మీద రాస్తారు. రాస్తే ఏజెన్సీకి తెలుస్తుంది. తుపాకీ పట్టుకోలేనోడికి లైసెన్సు ఎవడిస్తాడే." గొంతు తగ్గించారు. "జ్యోతీ, నువ్వు ఒక పని చెయ్. మూత వదులుగా పెట్టు. ఒక్క మరే ఎక్కించు. వేలితో తోస్తే వచ్చేట్టు. రేపు ఎడమచెయ్యి అడ్డం పెట్టి తోసేస్తా. ఆ కెప్టెన్ దూరం నుంచే చూస్తాడు. రేపొక్కరోజు గడిస్తే ఏడాదిదాకా ఎవరూ అడగరు." ఆయన నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. చేయించుకున్నారు, చెప్పారు, కోప్పడ్డారు, అడగలేదు. ఇది అడగడం. నేను మూత తీసుకున్నాను. మర మీద పెట్టాను. ఒక్క చుట్టు తిప్పాను, అంతే, తిప్పి ఆగాను. చాలు. ఇంతే కదా. రేపు సాయంత్రం ఇస్త్రీ బట్టల్లో వచ్చి, అందరికన్నా ముందు నేనే విప్పా అంటారు, నేను నవ్వుతాను, శ్రీరమ్య ఫీజు టైముకి కడతాం, ఏడాది. వదులు మూత. ఎవరూ చూడరు. తుపాకీ పేలితే వదులు మూత ఏం చేస్తుందో ఆయనకి తెలుసు, నాకు నేర్పింది ఆయనే, గొట్టం గట్టిగా కూర్చోకపోతే అది తుపాకీ కాదు, పట్టుకున్నవాడికే ప్రమాదం అని. అయినా పేలదు, ఇన్నేళ్ళలో ఒక్కసారి పేల్చలేదు. పేలదు. కానీ జారుతుంది. జారింది. ఆ తలుపు దగ్గర బారులో ఎర్రదుమ్ము చొక్కాలు, ఎవరి పిల్లనో చంకనేసుకుని నిలబడ్డ ఆడవాళ్ళు. రాతిమెట్టు. పడ్డది ఒకసారి ఊరుకుంది. ఇంకోసారి ఊరుకుంటుందని ఎవరు చెప్పారు. ఆ చెయ్యి లోపల ఏం ఉందో కూడా తెలియదు మాకు. బయట పసుపు రాసి, పైపైన తుడిచి, నిగనిగలాడుతోంది అనుకోవడం. లోపల బంక పట్టేది బంక పడుతూనే ఉంటుంది. ఏడాది దాచితే చేతిలోని జబ్బు ఆగుతుందా. మెడలోంచి వచ్చిందో, తలలోంచి వచ్చిందో. అది విప్పి వెలుతురుకి పట్టి చూసేవాళ్ళు కావాలి, చూపించకుండా దాచేవాళ్ళు కాదు. ఈయన కావాలా నాకు, ఈయన ఇస్త్రీ బట్టలు కావాలా.

మూత ఇంకో చుట్టు తిప్పాను. ఆయన తలెత్తారు. ఇంకో చుట్టు. "జ్యోతీ" అన్నారు. ఆపమని కాదు, పిలిచారంతే. వేళ్ళతో తిరగడం ఆగిపోయాక కొంగు మడిచి పట్టుకుని, భుజంతో, ఆఖరి పావు చుట్టు బిగించాను. ఎంత బిగించాలో ఆయనే నేర్పారు, అంతే బిగించాను, ఎక్కువా లేదు తక్కువా లేదు. చెక్క పిడి ముందుకూ వెనక్కీ లాగాను, తాళం పడినట్టు టక్కుమంది. సరైన చప్పుడు. ఆయనకి ఆ చప్పుడు తెలుసు. కళ్ళు మూసుకున్నారు. "పోలీస్ స్టేషన్లో అప్పజెప్తే మళ్ళీ చేతికి రాదే" అన్నారు. "రాకపోనీయండి." "ఇల్లెట్టా?" "కోల్డ్ స్టోరేజీలో తొడిమలకి పిలుస్తున్నారు. నా వేళ్ళకి అలవాటే." "ఇన్నాళ్ళకి మళ్ళీ నిన్ను ఆ ఘాటులోకి పంపనా?" "మీరు పంపట్లేదు, నేనే పోతున్నా."  గోడ మీద ఎండ ఎర్రబడుతోంది, కల్లంలో పట్టాలు కప్పుతున్న చప్పుడు. ఎదురు చెప్తారనుకున్నాను, గట్టిగా అరుస్తారని కూడా. అరిస్తే నాకు తేలికయ్యేది. "లోపల నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా" అన్నారు చివరికి. "నేను చెప్తా." "అమ్మ కంగారు పడుద్ది." "పడనీయండి. ఆముదం రాస్తానంటుంది, అంతేగా." ఆయన పెదవి ఒక పక్కకి కదిలింది. భుజంతో కళ్ళు తుడుచుకున్నాను. ఘాటు ఇంకా తగ్గలేదు.

లోపలికి వెళ్ళాం. ఆయన వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు, తువ్వాలు మళ్ళీ ఒళ్ళోకొచ్చింది. నేను తుపాకీ బల్ల మీద పెట్టాను, మూతి గోడ వైపు. కోటేష్ లేచి వచ్చి వంగి చూశాడు. "వచ్చిందా వదినా? పానా లేకుండానే?" "వచ్చింది. శుభ్రం చేసి మళ్ళీ బిగించా." వాడు మూత మీద వేలు పెట్టి చూశాడు. "అబ్బో, గట్టిగానే బిగించావే. రేపు అందరి ముందు అన్నయ్య తియ్యగలడా దీన్ని?" "తియ్యలేరు" అన్నాను. వాడు నవ్వబోయి నా మొహం చూసి మానుకున్నాడు. శ్రీరమ్య ఫోను పక్కన పెట్టింది. అత్తగారు మంచం మీద కొంచెం పైకి జరిగి కూర్చున్నారు. గొంతు పెంచలేదు నేను, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగే గొంతుతోనే చెప్పాను. "రేపు ఈయన డ్యూటీకి వెళ్ళట్లేదు. తనిఖీకీ వెళ్ళట్లేదు. పొద్దున్నే నేనూ వెంట వెళ్తా. తుపాకీ స్టేషన్లో అప్పజెప్పి, అట్నుంచటే గుంటూరు ఆస్పత్రికి వెళ్తున్నాం, చెయ్యి చూపించుకోవడానికి."

"ఎవరి చెయ్యే" అన్నారు అత్తగారు.

ఆయన తువ్వాలు పక్కకి తీసి, కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి, అందరికీ కనపడేట్టు కుర్చీ చేతి మీద పెట్టారు. "నాదే అమ్మా" అన్నారు.